గైడు ఒప్పుకోని సలహాలు

కొత్తగా పీహెచ్‌డీలో చేరిన స్కాలరుకు డిపార్ట్‌మెంటు వరండాలోనే సలహాలన్నీ దొరికిపోతాయి. మొదటి అధ్యాయంలో విషయం పుట్టుపూర్వోత్తరాలు రాసెయ్. రిఫరెన్సులు దండిగా పెట్టు. నీ వాదానికి అడ్డొచ్చేవాటిని నువ్వే ఎత్తుకోకు, వైవాలో ఎవరైనా అడిగితే అప్పుడు చూసుకోవచ్చు. పెద్దమాట చెప్పు, చిన్నమాటకు డిగ్రీ ఎవరిస్తారు? చివర్లో మొత్తం ఇంకోసారి చెప్పెయ్. సీనియర్లు ఇవన్నీ ప్రేమతోనే చెబుతారు. ఈ దారిన వెళ్ళి డిగ్రీ తెచ్చుకున్నవాళ్ళు కళ్ళెదుటే తిరుగుతుంటారు కనుక నమ్మబుద్ధీ అవుతుంది.

నేను చెప్పబోయేవి వీటికి పూర్తిగా అడ్డం తిరిగినవి. గైడుకు చూపిస్తే మార్జిన్‌లో ఎర్రసిరాతో ప్రశ్నార్థకం పడవచ్చు. ‘ఇలా ఎవరూ రాయరమ్మా’ అని కూడా అనవచ్చు. అయినా ఇలాగే రాయమని అడుగుతున్నాను. మన భాష గురించి, మన చరిత్ర గురించి జరిగిన వాదాల్లో నేను మళ్ళీ మళ్ళీ తిరగేసేవి కొన్ని ఉన్నాయి. వాటి బలం ఎక్కడుందని చూస్తే, వరండా సలహాలను పాటించకపోవడంలోనే ఉంది.

అన్నిటికంటే ముందు, మీ వాదం రాయకండి. ఎదుటివాళ్ళ వాదం రాయండి. వాళ్ళు రాసుకున్నదానికంటే బాగా రాయండి.

మామూలుగా జరిగేది వేరు. ‘ఫలానా విమర్శకులు ఇలా అభిప్రాయపడ్డారు, కానీ ఇది సమంజసం కాదు’ అని రెండు వాక్యాల్లో అవతలి పక్షాన్ని పంపించేస్తారు. ఆ విమర్శకుడు ఎందుకలా అన్నాడో, ఏం చూసి అన్నాడో చదివేవాడికి తెలియదు. చాలాసార్లు రాసినవాడికీ తెలియదు. మన పాత తార్కికులు దీన్ని క్షమించలేదు. గౌతముని న్యాయసూత్రాలు వాదంలో ఓడిపోయే తీరులను 22 నిగ్రహస్థానాలుగా లెక్కపెట్టాయి. వాటిలో ఒకటి అననుభాషణం. ప్రతివాది తన మాటను మూడుసార్లు చెప్పాడు, సభకు అర్థమైంది, అయినా నువ్వు ఆ మాటను తిరిగి చెప్పలేకపోయావు. అక్కడితో నువ్వు ఓడినట్టే. నీ జవాబు ఎంత గొప్పదైనా దాని దాకా రానివ్వరు.

ఇలా ఎదుటి పక్షాన్ని నెత్తికెత్తుకుని గెలిచిన వాదం ఒకటి తెలుగు భాష గురించే ఉంది. 1816లో మద్రాసులో ఎ.డి. కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణాన్ని అచ్చువేశాడు. దాని పీఠికకు అనుబంధంగా ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఒక వ్యాసం రాశాడు. తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుంచి పుట్టినవి కావనీ, అవి వేరే కుటుంబమనీ అతని ప్రతిపాదన. కాల్డ్వెల్ తులనాత్మక వ్యాకరణం 1856లో వచ్చింది. అంటే ఎల్లిస్ అతనికి 40 ఏళ్ళు ముందు. అప్పటికి పండితలోకం నమ్మకం దీనికి విరుద్ధంగా ఉంది. సెరాంపూరు నుంచి తెలుగు వ్యాకరణం వేసిన విలియం కేరీ లాంటివాళ్ళు దక్షిణాది భాషలను కూడా సంస్కృతం సంతానంగానే చూశారు. ఎల్లిస్ ఆ అభిప్రాయాలను దాచకుండా, చెప్పినవాళ్ళ పేర్లతో ముందు పెట్టుకున్నాడు.

వాళ్ళ వాదానికి ఉన్న అసలు బలం ఏమిటి? తెలుగు పుస్తకం ఏది తెరిచినా సంస్కృత పదాలే. పురాణం తీసినా ప్రబంధం తీసినా పేజీలో సగం తత్సమాలు. ఇది కళ్ళకు కనిపించే సాక్ష్యం. మామూలు స్కాలరైతే దీని ఊసెత్తడు. ఎల్లిస్ ఊసెత్తడమే కాదు, దాన్నే వాదానికి మధ్యలో కూర్చోబెట్టాడు. తెలుగులో సంస్కృత పదాలు విస్తారంగా ఉన్నాయి, నిజమే. మరి తెలుగు వ్యాకర్తలు ఆ పదాలను ఏమన్నారు? దీనికోసం ఎల్లిస్ మచిలీపట్నం మామిడి వెంకయ్య రాసిన ఆంధ్రదీపిక పీఠికకు వెళ్ళాడు. తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అనే విభాగం అక్కడుంది. తెలుగువాళ్ళే తమ పదాల్లో ఏవి బయటివో ఏవి ఇంటివో ఎప్పుడో వేరుచేసి పెట్టుకున్నారు. ఆ బయటి పొరను తీసి పక్కన పెడితే మిగిలేదే భాషకు పునాది. ఆ పునాది సంస్కృతంతో కలుస్తుందా, తమిళ కన్నడాలతో కలుస్తుందా అన్నదే ఇక ప్రశ్న.

ఇక్కడి నుంచి అతను మూడు మెట్లు ఎక్కాడు. పండితుడు పట్టాభిరామశాస్త్రి కూర్చిన ధాతుమాల నుంచి తెలుగు ధాతువులు తీసి సంస్కృత ధాతువుల పక్కన పెట్టాడు, అవి కలవలేదు. తమిళ కన్నడ ధాతువుల పక్కన పెట్టాడు, కలిశాయి. తర్వాత పదాలు. తర్వాత వాక్యరచన, ఒకే మాటను ఆయా భాషల్లో చెప్పించి వరస ఎలా ఉందో చూపడం. ఒక మెట్టు దగ్గర సందేహం మిగిలినా ఇంకో మెట్టు ఉంటుంది. ఈ వ్యాసంలో నాకు అన్నిటికంటే విలువైనది ఆ ఫలితం కాదు. తన వాదాన్ని కూలదోయగల ఒకే ఒక్క సాక్ష్యాన్ని అతను ముందుగా తానే గుర్తుపట్టి, దానికి జవాబు దొరికాకే కలం కదిపాడు.

మీ థీసిస్‌లో ఈ పని ఎలా చేయాలంటే, ఒక అధ్యాయాన్ని నిజంగానే అవతలివాళ్ళకు ఇచ్చేయండి. వాళ్ళ పేర్లతో, వాళ్ళ ఆధారాలతో, వాళ్ళ మాటల్లోనే రాయండి. ‘కానీ’ అనే మాట ఆ అధ్యాయంలో రాకూడదు. రాసిన తర్వాత మీ వాదంతో ఏకీభవించని మనిషికి ఇచ్చి చదవమనండి. ‘అవును, నేననేది ఇదే’ అని అతను ఒప్పుకునే దాకా తిరగరాయండి. గైడు భయమల్లా ఎగ్జామినర్ ఆ అధ్యాయం దగ్గరే ఆగి అటువైపు మొగ్గుతాడేమోనని. మొగ్గితే మంచిదే. మీ వాదం ఇంకా సిద్ధం కాలేదని అచ్చులోకి వెళ్ళకముందే తెలిసింది.

దీనికి జత సలహా ఇంకొకటి. ఆధారం కోసం మీ పక్షం పుస్తకాలకు వెళ్ళకండి, ప్రతిపక్షం అలమరకు వెళ్ళండి. గిడుగు రామమూర్తి జీవితమంతా చేసింది ఇదే. వ్యావహారిక భాష కావాలని వాదించే మనిషి వ్యావహారిక వాదులను ఉటంకిస్తే ఎవరు వింటారు? జయంతి రామయ్య పంతులు నాయకత్వంలో గ్రాంథికవాదులు వేసిన ప్రశ్న బలమైనది. మాట్లాడే భాష జిల్లాకో తీరుగా, కులానికో తీరుగా ఉంటుంది. గ్రాంథికం మాత్రం అంతటా ఒకటే. పాఠ్యపుస్తకం దేనిలో రాయాలి? గిడుగు ఈ ప్రశ్నను తప్పించుకోలేదు, చదువుకున్నవాళ్ళు మాట్లాడే శిష్టవ్యావహారికాన్ని ప్రమాణంగా చూపించాడు. ఆ తర్వాత గ్రాంథికవాదులు తలకెత్తుకున్న బాలవ్యాకరణాన్నే కొలబద్దగా ఒప్పుకుని, ఆ కొలబద్దతో వాళ్ళ రచనలనే కొలిచాడు. ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం’ తెరిచి చూడండి. పండితులు తాము పవిత్రమన్న వ్యాకరణాన్ని తామే ఎక్కడెక్కడ తప్పారో ప్రయోగాలు ఎత్తి చూపుతాడు. ‘గద్యచింతామణి’లో పాత వచనాన్ని పోగుచేసి, పూర్వులు వచనం రాసేటప్పుడు వాడుక రూపాలు వాడారని చూపించాడు. ఎదుటివాడు కాదనలేని పుస్తకంలోంచి వచ్చిన ఆధారం ఒక్కటి, మీవాళ్ళ పుస్తకాల్లోంచి వచ్చిన పదింటితో సమానం.

ఇక మొదటి అధ్యాయం. దాన్ని తీసేయండి.

తెలుగు నవల మీద థీసిస్ ఏదైనా తీసుకోండి. శీర్షిక ఒక రచయిత నవలల్లో స్త్రీ పాత్రల గురించి ఉంటుంది. మొదటి అధ్యాయం మాత్రం ‘నవల: ఆవిర్భావ వికాసాలు’. ఐరోపాలో నవల ఎలా పుట్టింది, నిర్వచనాలు, తర్వాత మన మొదటి నవల 1872 నాటి నరహరి గోపాలకృష్ణమ చెట్టి శ్రీరంగరాజ చరిత్రమా, కందుకూరి రాజశేఖర చరిత్రమా అనే చర్చ, తర్వాత చారిత్రక నవల, మనోవైజ్ఞానిక నవల. రెండో అధ్యాయం రచయిత జీవితం, బిరుదులు, సన్మానాలు. మూడో అధ్యాయానికి గానీ వాదం అనేది మొదలవదు, అప్పటికి నూటయాభై పేజీలు అయిపోయాయి. మొదటి నవల ఏదన్న చర్చతో ఆ స్త్రీ పాత్రలకు ఏ సంబంధమూ లేదు. ఆ పేజీలు ఇంకొక థీసిస్ నుంచి వచ్చాయి, మరో థీసిస్‌లోకి వెళతాయి. మీ ప్రశ్న ఏమిటో మొదటి పేజీలో రాయండి. ఆ ప్రశ్న అర్థం కావడానికి తప్పనిసరైన నేపథ్యం ఎంతో అంతే, ఎక్కడ అవసరమో అక్కడే ఇవ్వండి. ‘పేజీలు తగ్గిపోతాయి’ అంటారు. తగ్గనివ్వండి.

ఇప్పుడు చెప్పబోయేది ఈ సలహాలన్నిటిలో కష్టమైనది. ఆధారాలు వెతకడం ఆపండి. ఉన్న ఆధారానికీ మీరు తేల్చిన నిర్ణయానికీ నడుమ ఏముందో రాయండి.

ఆధారం ఒకటి ఉంటుంది, నిర్ణయం ఒకటి ఉంటుంది, ఆ ఆధారం నుంచి ఈ నిర్ణయానికి ఎందుకు రావచ్చో చెప్పే సూత్రం ఒకటి ఉంటుంది. ఈ మూడోది ఎప్పుడూ కాగితం మీదికి రాదు, రాసేవాడి మనసులోనే ఉండిపోతుంది. న్యాయశాస్త్రంలో దీని పేరు వ్యాప్తి. స్టీఫెన్ టౌల్మిన్ 1958లో ‘ది యూజెస్ ఆఫ్ ఆర్గ్యుమెంట్’లో వారంట్ అన్నదీ దాదాపు ఈ స్థానంలోదే. ఏ పేరైనా పెట్టుకోండి. పండితుల తగాదాలు తరాలకొద్దీ తెగకుండా ఉండేది ఎక్కువగా ఇక్కడే.

నన్నెచోడుడి సంగతి చూడండి. మానవల్లి రామకృష్ణకవి 1909లో కుమారసంభవాన్ని ప్రకటించి, ఈ కవి నన్నయకు ముందటివాడన్నాడు. తెలుగు సాహిత్య చరిత్ర మొదటి పేజీయే కదిలిపోయింది. నన్నయకు తర్వాతివాడే అన్నారు కొందరు. అసలు ఆ కావ్యం మానవల్లే రాసి ఉంటాడన్నవాళ్ళూ ఉన్నారు. ఈ వాదాల్లో అందరూ ఎత్తుకున్న పద్యం ఒకటుంది. లోకంలో మార్గకవిత సాగుతుండగా చాళుక్యరాజు మొదలైనవాళ్ళు దేశికవితను పుట్టించి ఆంధ్రదేశంలో తెలుగును నిలిపారని దాని భావం.

ఆధారం అందరికీ ఒకటే, పద్యం ఒకటే. ఆ చాళుక్యరాజు నన్నయ చేత భారతం రాయించిన రాజరాజనరేంద్రుడే అనుకున్నవాళ్ళకు నన్నెచోడుడు తర్వాతివాడయ్యాడు. అంతకుముందటి చాళుక్యుల్లో ఎవరో అనుకున్నవాళ్ళకు నన్నెచోడుడు ముందటివాడుగా ఉండటానికి చోటు దొరికింది. ‘చాళుక్యరాజు’ అంటే ఎవరనుకోవాలి, ఎందుకు అనుకోవాలి అన్నదే మొత్తం వాదం. ఇంకో పద్యం తెచ్చి పెట్టినంత మాత్రాన ఈ ముడి విడదు. ఆ కాలపు కవులు రాజును పేరు లేకుండా వంశంతో చెప్పినప్పుడు సమకాలికుడిని ఉద్దేశించేవారా, వంశకర్తనా? వేరేచోట్ల ఆ వాడుక ఎలా ఉంది? దీనికి జవాబు చెప్పే పేరా ఒకటి రాస్తే, ఒప్పుకోని పాఠకుడు కూడా తాను ఎక్కడ ఒప్పుకోవడం లేదో వేలుపెట్టి చూపగలుగుతాడు. రాయకపోతే ఇరుపక్షాలూ అదే పద్యాన్ని ఎన్నేళ్ళయినా ఒకరిమీదికి ఒకరు విసురుకుంటూ ఉంటారు.

పరీక్ష సులువైనదే. మీ అధ్యాయంలో ‘కాబట్టి’, ‘అందువల్ల’, ‘దీన్నిబట్టి’ అన్న మాటలన్నిటినీ పెన్సిల్‌తో చుట్టండి. ప్రతిదాని దగ్గరా ఆగి, దానికి ముందున్నది నిజమైతే వెనకున్నది ఎందుకు నిజం కావాలో ఒక పూర్తి వాక్యంగా రాయండి. కొన్నిచోట్ల ఆ వాక్యం రాయలేరు. అక్కడ వాదం లేదు, ‘కాబట్టి’ అన్న మాట మాత్రమే ఉంది.

దీని తర్వాతి మెట్టు, మీ సూత్రాన్ని మీరే విరగ్గొట్టాలని చూడటం. అన్నంభట్టు తర్కసంగ్రహం చదివినవాళ్ళకు ఉపాధి అన్న మాట తెలిసే ఉంటుంది. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది, సరే. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందా? కాలిన ఇనుపగుండులో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే తడికట్టె తోడవ్వాలి. ఆ తడికట్టే ఉపాధి. ఇది పాతకాలపు ఆట అనుకోకండి. ఒకదాని వెంట ఒకటి జరిగినదల్లా మొదటిదాని వల్లే జరిగిందని రాసే చరిత్ర వ్యాసాలకు దీన్ని మించిన మందు లేదు.

ఒక మాట అందరూ రాస్తారు: కాటన్ ఆనకట్ట వల్ల గోదావరి డెల్టా పచ్చబడింది, డబ్బు వచ్చింది, చదువు వచ్చింది, అందుకే సంఘసంస్కరణ రాజమండ్రిలో పుట్టింది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కందుకూరి మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. ముందువెనకలు సరిపోయాయి. ఇక దీనికి అడ్డొచ్చే ఊరిని మీరే వెతకండి. విజయనగరంలో డెల్టా లేదు, అలాంటి ఆనకట్టా లేదు. గురజాడ కన్యాశుల్కం నాటకం 1892లో ఆడింది అక్కడే. అంటే నీళ్ళు లేకుండానూ సంస్కరణ వచ్చింది. మరి రెండుచోట్లా ఉన్నదేమిటి? రాజమండ్రిలో ప్రభుత్వ కళాశాల, అక్కడ కందుకూరి తెలుగు పండితుడు. విజయనగరంలో మహారాజా కళాశాల, అక్కడ గురజాడ చదివాడు, చదువు చెప్పాడు. మచిలీపట్నం చూడండి, అక్కడ నోబుల్ కళాశాల, రఘుపతి వెంకటరత్నం నాయుడు. తడికట్టె కాలేజీయేమో అనిపిస్తుంది. ఇప్పుడు మళ్ళీ పరీక్ష: కాలేజీ ఉండీ సంస్కరణ రాని ఊరేదైనా ఉందా? ఈ వెతుకులాటలో ఆనకట్ట వాదం పూర్తిగా పోదు. డెల్టా డబ్బు కాలేజీలను నిలబెట్టిందేమో చూడాలి. కానీ అది ఎంతవరకు నిజమో ఇప్పుడు చెప్పగలరు. మొదట చెప్పలేకపోయారు. ఇక విజయనగరాన్ని ఫుట్‌నోట్‌లోకి నెట్టకండి. అధ్యాయం నడుమ, పేజీ నిండా, పెద్ద అక్షరాల్లోనే పెట్టండి.

రిఫరెన్సులు తగ్గించండి. నిగ్రహస్థానాల్లో ‘అధికం’ అనేది కూడా ఉంది. ఒక హేతువు, ఒక ఉదాహరణ చాలినచోట రెండోది తెస్తే అదీ ఓటమే. ఇంత కఠినంగా ఎందుకన్నారో సెమినార్ పేపర్లు వింటే తెలుస్తుంది. ఒక వాక్యానికి ఆరు పేర్లు తగిలిస్తే ఆరుగురూ ఒకే మాట అన్నారో లేదో ఎవరూ చూడరు. వాళ్ళలో ముగ్గురు నాలుగోవాడి పుస్తకం చూసి రాసినవాళ్ళయి ఉంటారు. అప్పుడున్నది ఒక్క సాక్షే. మూలం దాకా వెళ్ళి, ఆ ఒక్కణ్ణీ పేజీ సంఖ్యతో ఉంచి, మిగతావాళ్ళను వదిలేయండి.

ఈమధ్య సాఫ్ట్‌వేర్ భయం ఇంకో చెడ్డ అలవాటు నేర్పింది. 2018 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు, దాటితే మెట్లమెట్లుగా శిక్షలు. దాంతో స్కాలర్లు ఉటంకింపులను కూడా సొంతమాటల్లోకి మార్చేస్తున్నారు. శాసన పాఠాన్ని, విమర్శకుడి వాక్యాన్ని ‘తిప్పి రాస్తున్నారు’. నిజానికి మూలం చెప్పి కొటేషన్లలో పెట్టిన భాగాన్ని ఆ నిబంధనలు లెక్కలోకి తీసుకోవు. తిప్పి రాసిన శాసనం ఇక ఆధారం కాదు, మీ అభిప్రాయం. పరిశీలించాల్సిన మాట ఉన్నది ఉన్నట్టుగా పేజీ మీద ఉండాలి, లేకపోతే పాఠకుడు మిమ్మల్ని సరిచూసుకోలేడు. పది శాతం అంకె మీరు దొంగిలించలేదని చెబుతుందేమో గానీ, మీరు వాదించారని చెప్పదు.

చిన్నమాట చెప్పండి. దీనికి అందరూ అడ్డుపడతారు, ఎందుకంటే పరిశోధన అంటే పెద్ద నిర్ధారణ అనే భ్రమ గట్టిది. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చింది. ఆ ఉత్సాహంలో భాష వయసు గురించి రాసిన వ్యాసాల్లో అమరావతి శిల మీది ‘నాగబు’ అన్న ఒక్క మాట మీద సాహిత్యమంతటి వయసునూ నిలబెట్టినవి ఉన్నాయి. ఒక పదం కనిపించిందంటే ఒక పదం ఉందనే అర్థం, అది తెలుగు పదమేనని ఒప్పుకున్నా సరే. కడప జిల్లా కలమళ్ళ శాసనం దగ్గరికి రండి. రేనాటి చోళుడు ఎరికల్ముత్తురాజు ధనంజయుడి కాలంలో, క్రీ.శ. 575 ప్రాంతంలో, పాలకులు తమ మాటను రాతి మీద తెలుగులో రాయించారు. ‘ఆరో శతాబ్ది చివరికి రేనాడులో తెలుగు శాసనభాష’ అనండి. దీన్ని ఎవరూ కదపలేరు. కదపలేని చిన్నమాట మీద ఇంకొకరు వచ్చి ఇంకో మాట నిలబెడతారు. రెండువేల ఏళ్ళని ఊగిపోతూ చెప్పిన వాక్యం మీద ఎవరూ ఏమీ కట్టలేరు.

భాష గురించి ఎక్కువ చెప్పను. ‘నిస్సందేహంగా’, ‘నిర్వివాదాంశం’, ‘సర్వులకూ విదితమే’ అన్నవి సందేహం ఉన్నచోటే వాడతారు, వాటిని కొట్టేయండి. ‘చెప్పుకోవచ్చు’, ‘భావించవచ్చు’ అనేవి కూడా తీసేయండి. ఎవరు చెప్పుకోవచ్చు? మీరనుకుంటే ‘నేను అనుకుంటున్నాను’ అని రాయండి. ఆవేశాన్ని కూడా విశేషణాల్లో పోయకండి. గురజాడ కన్యాశుల్కం 1897 నాటి పీఠికలో ఏం చేశాడో చూడండి. కన్యాశుల్కం ఘోరమని వర్ణిస్తూ కూర్చోకుండా, విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లాలో సేకరింపజేసిన పట్టికలోని అంకెలు పెట్టాడు. మూడేళ్ళలో 1,034 శుల్క వివాహాలు. అయిదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. డబ్బు తీసుకున్నామని ఒప్పుకోవడానికి జనం ఇష్టపడరు కనుక ఈ పట్టిక సమగ్రం కాదని కూడా తానే చెప్పాడు. ఆ ఒప్పుకోలు వాదాన్ని బలహీనపరచలేదు. అసలు సంఖ్య ఇంకా ఎక్కువే అయి ఉంటుందని పాఠకుడే అనుకుంటాడు. ఒక రచయిత తన ఆధారం లోపాన్ని తానే చెప్పి, ఆ లోపం ఏ వైపు లాగుతుందో కూడా చూపడం నాకు తెలిసిన నిజాయితీల్లో అత్యుత్తమమైనది.

ముగింపు అధ్యాయంలో ‘మొదటి అధ్యాయంలో చర్చించాను, రెండో అధ్యాయంలో వివరించాను’ అంటూ లెక్క అప్పజెప్పకండి. పునరుక్తం కూడా నిగ్రహస్థానమే. దాని బదులు ఒకే ప్రశ్నకు జవాబు రాయండి: ఏ ఆధారం దొరికితే నా నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంటాను? నన్నెచోడుడి కాలం మీద రాసినవాళ్ళు, ఏ శాసనం బయటపడితే నా మాట తప్పవుతుందో చెప్పాలి. కాటన్ మీద రాసినవాళ్ళు, ఏ ఊరి సంగతి తేలితే తమ సూత్రం విరుగుతుందో చెప్పాలి. తర్వాత వచ్చే స్కాలరుకు వెతకాల్సిన చోటు అలా దొరుకుతుంది. ఏ ఆధారమూ మార్చలేని నిర్ణయమైతే, దానికోసం ఆధారాలు సేకరించి ఉండాల్సిన పనే లేదు.

ఇవన్నీ చేసినా గైడు ఒప్పుకోకపోతే? ఆయనతో తగవు పెట్టుకోమని నేననను. ఆయన సంతకం పెట్టాల్సిన కాగితాలు మీకున్నాయి, అది నాకు తెలుసు. ‘సార్, ఈ అధ్యాయం అదనంగా రాశాను, ఒకసారి చూడండి’ అని ఇవ్వండి. ‘మేడమ్, ఈ అభ్యంతరం ఎగ్జామినర్ అడగవచ్చు, ముందే జవాబు పెట్టాను’ అనండి. ఆ కారణం ఎవరూ కాదనరు. అది నిజం కూడా. తర్కసంగ్రహం అనుమానాన్ని రెండుగా విడదీస్తుంది. మనకు మనం నిశ్చయించుకోవడానికి ఒకటి, ఇతరులకు నిరూపించడానికి ఒకటి. అయిదు అవయవాల వాక్యం కావలసింది రెండోదానికే. గైడుకు మీ విషయం ముందే తెలుసు, మీమీద అభిమానమూ ఉంది, ఖాళీలను ఆయనే పూరించుకుని చదువుతారు. థీసిస్ వెళ్ళేది కనీసం ఇద్దరు బయటి ఎగ్జామినర్ల దగ్గరికి. తర్వాత బహిరంగ వైవా. ఆ తర్వాత శోధ్‌గంగలో అందరికీ. అక్కడ తెరిచి చదివేవాడికి మీరెవరో తెలియదు, మీ పక్కన గైడూ ఉండరు. అతను ఒప్పుకోవడానికి సిద్ధంగా రాడు.

అందుకని మీ డ్రాఫ్టును ఈ వారంలోనే ఒకరికి ఇవ్వండి. మీ గ్రూపులోవాళ్ళకు వద్దు, మీ గైడు దగ్గరి స్కాలర్లకు వద్దు. మీ వాదం తప్పని నమ్మే మనిషిని ఎంచుకోండి. ‘ఎక్కడ తప్పుందో అక్కడ గీత పెట్టి ఇవ్వండి’ అని అడగండి. గీతలు పెట్టి తిరిగి ఇచ్చాక, ఒక్కో గీత దగ్గరా కూర్చుని రాయండి.